వేదికను చిన్నది చేసే పనితనం

ఉపాధ్యాయ సంఘం రాష్ట్ర మహాసభ జరిగితే పేపర్లో ఫొటో పడుతుంది. ఊరేగింపు, జెండాలు, మంత్రిగారి హామీ, మర్నాడు ఆ హామీ మీద చర్చ. అదే సంఘం తన మండల బాధ్యులకు రెండు రోజుల నాయకత్వ శిక్షణా తరగతులు పెడితే జిల్లా ఎడిషన్ లోపలి పేజీలో అయిదారు లైన్లు రావడమే గొప్ప. చూడటానికి అక్కడ ఏముంటుంది? ఒక హాలు, బల్లలు, నోటు పుస్తకాలు, టీ గ్లాసులు. అయినా ఒక సంఘం ఎంత గట్టిగా ఉందో తేల్చుకోవాలంటే మహాసభకు వచ్చిన జనాన్ని లెక్కపెట్టడం కన్నా ఈ తరగతుల కార్యక్రమ పత్రాన్ని ఒకసారి చదవడం మేలు. ఏ గంట ఎవరికిచ్చారు, ఎవరికి ఇవ్వలేదు, భోజనం తర్వాత ఏం పెట్టారు, చివరి గంట దేనికి దాచారు అన్న నాలుగు సంగతుల్లో ఆ సంఘం స్వభావమంతా బయటపడుతుంది.

తెలుగునాట ఈ పని కొత్త కాదు. నైజాం కాలపు హైదరాబాద్ సంస్థానంలో వేళ్లున్న ఎస్టీయూ, ఆంధ్ర ప్రాంతంలో ఎదిగిన ఏపీటీఎఫ్, 1971 నాటి పీఆర్టీయూ, 1974లో ఏర్పడిన యూటీఎఫ్... ఒక్కో సంఘానిది ఒక్కో చరిత్ర, ఒక్కో రాజకీయ వాసన. మహాసభ వేదిక మీద అవి ఒకదానికొకటి పోలవు. మండల బాధ్యుల తరగతుల తయారీలో మాత్రం, ఏ సంఘానిదైనా సరే, మంచి జిల్లా శాఖ చేతిలో ఒకే విద్య కనబడుతుంది. మాట్లాడటం అలవాటైన వాళ్ల చేత మాట తగ్గించడం, వినడం అలవాటు లేని వాళ్లను వినేలా కూర్చోబెట్టడం, వేదికను వీలైనంత చిన్నది చేయడం. ఆ విద్యను దగ్గరగా చూడటమే ఈ వ్యాసం పని.

ఎవరి కోసం ఇదంతా

మండల బాధ్యులంటే పూర్తికాలం నాయకులు కారు. పొద్దున ప్రార్థన నుంచి సాయంత్రం లాంగ్ బెల్ దాకా బడిలో ఉండి, ఆ తర్వాత బండెక్కి మండల విద్యాధికారి (ఎంఈవో) ఆఫీసుకు పోయే మాస్టారు ఒకరు. ఇంటికి చేరి పొయ్యి వెలిగించేసరికి ఫోన్ మోగే టీచరమ్మ ఒకరు. సభ్యత్వం రాయించడం, సంఘ పత్రికకు చందా కట్టించడం వీళ్ల పని. ఎవరి ఇంక్రిమెంటు ఆగింది, ఎవరి సర్వీసు రిజిస్టరులో ఎంట్రీ పడలేదు, ఎవరి సెలవు మంజూరు కాలేదు అని కనుక్కుని ఫైలు కదిలించడమూ వీళ్ల పనే. రాష్ట్ర నాయకత్వం ప్రభుత్వంతో మాట్లాడుతుంది. మారుమూల ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేసే సభ్యురాలికి మాత్రం సంఘమంటే తన మండల బాధ్యుడే. ఆయన ఫోన్ ఎత్తితే సంఘం ఉన్నట్టు, ఎత్తకపోతే లేనట్టు.

1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చినప్పటి నుంచి సంఘాల పునాది ఈ అంచెలోనే ఉంది. తర్వాత జిల్లాలే మారాయి. 2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, ఆ తర్వాత 33. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. సంఘాలకు ఇది ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నట్టయింది. ఉమ్మడి జిల్లాలో పండిన కార్యకర్తలు రెండు మూడు శాఖలకు పంపకమైపోయారు. కానీ జిల్లాలోని మండల బాధ్యులంతా ఒక్క హాల్లో, ఒకరి ముఖం ఒకరికి కనబడేలా కూర్చోగల సంఖ్యకు వచ్చారు. తయారీ తెలిసిన కార్యదర్శి ఈ రెండో సంగతిని పట్టుకుంటాడు. వందల మంది ఉన్నచోట ఉపన్యాసం తప్ప వేరే దారి లేదు. అరవై డెబ్బై మంది అయితే తరగతి సాధ్యం.

ఇంకో కొత్త అవసరమూ పుట్టింది. ఉపాధ్యాయ నియామక పరీక్ష అయిన డీఎస్సీ తెలంగాణలో 2024లో 11,062 పోస్టులకు, ఆంధ్రప్రదేశ్‌లో 2025 మెగా డీఎస్సీ 16,347 పోస్టులకు జరిగాయి. ఏళ్ల తరబడి కోచింగ్ సెంటర్లలో ఒంటరిగా పోటీపడి ఉద్యోగం తెచ్చుకున్న ఈ యువతకు సంఘం అంటే సభ్యత్వ రసీదు, ఒక డైరీ, వాట్సాప్ గ్రూపు. వీళ్లలో ఎవరు రేపటి మండల కార్యదర్శులవుతారన్నది ఈ తరగతుల్లోనే తేలాలి.

తేదీ దగ్గరే సగం పని

తయారీ మొదలయ్యేది క్యాలెండర్ దగ్గర. ఎంత హేతువాద సంఘమైనా జిల్లా కార్యదర్శి ఈ ఒక్క పనికి పంచాంగం చూస్తాడు. శ్రావణంలో, మాఘంలో ముహూర్తాలున్న ఆదివారం పెడితే సగం మంది పెళ్లిళ్లలో ఉంటారు. మూఢం వస్తే అందరికీ శుభకార్యాలు ఆగుతాయి, సంఘానికి మాత్రం అదే మంచి రోజు. కార్తీక మాసపు ఆదివారాలు వనభోజనాల పాలు. ఏప్రిల్‌లో పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్. మేలో ఎండ, పుట్టిళ్ల ప్రయాణాలు. దసరా, సంక్రాంతి సెలవులు ఖాళీగానే కనిపిస్తాయి కానీ, పండగ మూడు రోజులకు అటూ ఇటూ జరిగితేనే జనం వస్తారు. వీటన్నిటి మధ్య రెండో శనివారం, ఆదివారం కలిసొచ్చే జంట ఒకటి దొరకాలి. ఆ వారమే ఓటర్ల జాబితా పనో, బదిలీల కౌన్సెలింగో పడకూడదు.

తేదీ ఎంపిక సౌకర్యం కోసమే అనుకుంటే పొరపాటు. నాయకత్వ తరగతి ఎప్పుడు జరిగితే బాధ్యులకు అక్కరకొస్తుందన్నదే అసలు లెక్క. బదిలీల షెడ్యూలు వచ్చాక పెడితే తరగతి కాస్తా ఫిర్యాదుల దినం అవుతుంది. బడులు తెరిచి సభ్యత్వ నమోదు మొదలయ్యే వేళకు కాస్త ముందు పెడితే, నేర్చుకున్నది మర్నాడే స్టాఫ్ రూంలో, నెలనెలా జరిగే కాంప్లెక్స్ సమావేశంలో వాడుకోవచ్చు. మంచి కార్యదర్శి బాధ్యుల రాబోయే మూడు నెలల పనిని ముందు రాసుకుంటాడు. తరగతి తేదీ దాని వెనకాల వచ్చి కూర్చుంటుంది.

స్థలం విషయంలోనూ ఇదే చూపు. ఫంక్షన్ హాలు సులువుగా దొరుకుతుంది. కానీ అందులో ఎత్తయిన వేదిక, దాని మీద సింహాసనాల లాంటి కుర్చీలు, ప్రతిధ్వనించే గోడలు ఉంటాయి. అక్కడ ఎవరు నిలబడినా ఉపన్యాసమే వస్తుంది. సంఘ భవనంలోని హాలో, ఉన్నత పాఠశాలలో రెండు మూడు పెద్ద గదులో మేలు. బల్లలు కదపవచ్చు, బృందాలుగా కూర్చోవచ్చు, నల్లబల్ల ఉంటుంది. స్థలం చూడటానికి వెళ్లినవాళ్లు మొదట చూడవలసినవి మరుగుదొడ్లు. ఆ తర్వాత బస్టాండు దూరం. మైకు సెట్టు సంగతి చివర చూసుకోవచ్చు.

ప్రతినిధులు రాకముందే మొదలయ్యే తరగతి

పనితనం అసలు కనబడేది తరగతులకు నెల ముందు. మామూలు శాఖలు ఆహ్వానం పంపి ఊరుకుంటాయి. తయారీ తెలిసిన శాఖ ప్రతి మండలానికీ ఒక చిన్న పని పంపుతుంది: గత ఏడాది మీ దగ్గరికి వచ్చిన సమస్యల్లో తేలినది ఒకటి, తేలనిది ఒకటి, ఒక్కో కార్డు మీద రాసి పంపండి. పేర్లు వద్దు. ఎవరికి దరఖాస్తు చేశారు, ఎన్నాళ్లు పట్టింది, ఎక్కడ ఆగింది, ఇంతే కావాలి.

కార్డులు చేరాక జిల్లా బాధ్యులు నలుగురు కూర్చుని వాటిని పంచుతారు. ప్రధానోపాధ్యాయుడి దగ్గర తేలేవి ఒక వరుస. ఎంఈవో దగ్గర తేలేవి ఇంకో వరుస. ఉప ఖజానాలో ఆగినవి, డీఈవో ఆఫీసులో ఆగినవి వేరు. చివరిగా, ప్రభుత్వం జీవో ఇస్తే తప్ప తేలనివి. ఈ పంపకం చేస్తుండగానే తరగతి రూపం తేలుతుంది. వేదికల మీద గంటలు గంటలు వినబడేవి చివరి వరుసలోని సమస్యలు: వేతన సవరణ (పీఆర్సీ), డీఏ బకాయిలు, 2004 సెప్టెంబరు 1 నుంచి వచ్చిన కంట్రిబ్యూటరీ పింఛను పథకం (సీపీఎస్). వాటి మీద మండల బాధ్యుడు ఒంటరిగా చేయగలిగింది తక్కువ. అతని చేతిలో ఉన్నవి మొదటి రెండు వరుసలు. వాటి గురించి ఏ ఉపన్యాసకుడూ మాట్లాడడు, చప్పట్లు రావు గనక. తరగతి గంటల్లో సింహభాగం ఆ రెండు వరుసలకు కేటాయించడం ధైర్యమున్న ప్రణాళిక. రాష్ట్ర సమస్యలు పక్కన పెట్టారని కాదు. సభ్యుడి ఆగిపోయిన ఇంక్రిమెంటు ఇప్పించగలిగిన మనిషి పిలిస్తేనే రేపు ఆ సభ్యుడు ధర్నాకు వస్తాడన్న లెక్క దీని వెనక ఉంది.

కార్యక్రమ పత్రం చదువుదాం

ఇలాంటి తరగతుల్లో సెషన్ నడిపే వ్యక్తిని చాలా సంఘాల్లో ప్రిన్సిపాల్ అంటారు. ఆ పాత్రను వాడుకునే తీరు చూడాలి. జిల్లా అధ్యక్షుడే రెండు రోజులూ ప్రిన్సిపాల్‌గా కూర్చుంటే అది సభ. ప్రతి సెషన్‌కూ వేరే మండలం నుంచి ఒకరిని ప్రిన్సిపాల్‌గా పెట్టి, ముందురోజు రాత్రే అతనికో ఆమెకో సమయపాలన నేర్పిస్తే, సెషన్ నడపడం కూడా శిక్షణలో భాగమవుతుంది. సీనియర్ నాయకుడి ముందుకు రెండు నిమిషాలే ఉన్నాయన్న చీటీ జరపడం ఓ యువ ఉపాధ్యాయురాలికి ఎంత కష్టమో ఆలోచించండి. ఆ చీటీ జరిపిన చేయి రేపు ఎంఈవో బల్ల ముందు వణకదు.

ప్రారంభం అరగంటకు మించదు. జెండా, అమరులకు నివాళి, అధ్యక్షుడి నాలుగు మాటలు. శాలువాలు, పూలగుచ్ఛాలు, వచ్చినవాళ్లందరినీ పేరుపేరునా వేదిక మీదికి పిలవడం ఉండవు. ఈ ఒక్క కోత వల్ల మిగిలే గంటన్నర రెండు రోజుల తరగతికి ప్రాణం. రాష్ట్ర నాయకుడు వస్తానంటే వద్దనలేరు. అనుభవజ్ఞులు ఆయనకు ప్రసంగం బదులు ఒక పాఠం అప్పజెబుతారు. అంశం, వ్యవధి, చివర ప్రశ్నలకు ఎంత సమయం అన్నది ముందే రాసి పంపుతారు. మర్యాదకు మర్యాద దక్కింది, తరగతికి పాఠం దక్కింది.

భోజనం తర్వాతి గంట ఎవరికిచ్చారో చూస్తే చాలు, పత్రం రాసినవారి చేయి తెలిసిపోతుంది. పప్పు, గోంగూర, పెరుగు, పైన ఒక స్వీటు తిన్న ఉపాధ్యాయుల ముందు జాతీయ విద్యా విధానం 2020 మీద ఉపన్యాసం పెడితే హాలంతా కునుకు. ఆ గంటకు బృంద చర్చలు పెట్టాలి, లేచి గదులు మారేలా. మధ్యాహ్నం వంట తేలిగ్గా ఉండాలని, పిండివంట రాత్రికి మార్చమని వంటవాళ్లకు ముందే చెప్పి ఉంచే కార్యదర్శులున్నారు. ఇది కూడా బోధనా పద్ధతే.

ఉపాధ్యాయుల తరగతికి ఒక ప్రత్యేకమైన చిక్కుంది. వచ్చినవాళ్లంతా రోజూ పాఠం చెప్పేవాళ్లే. ప్రశ్న అడగమంటే పది నిమిషాల పాఠం చెప్పి, ప్రశ్నార్థకం పెట్టడం మరిచిపోతారు. అందుకే మంచి ప్రణాళికలో ప్రశ్నలు కాగితం మీద వస్తాయి. బృందం తరఫున ఒక్కరే చెబుతారు. ఆ ఒక్కరు తన అభిప్రాయం కాకుండా బృందం అభిప్రాయం చెప్పాలన్న షరతుంటుంది. చూడటానికి చిన్న నియమం. పక్కవాడి మాటను సరిగ్గా విని, దాన్ని వంచకుండా పైకి చేరవేయడమే ప్రతినిధి వృత్తి అనుకుంటే, ఆ వృత్తికి సాధన ఇక్కడే జరుగుతోంది.

జీవో చదివే గంట

ఈ తరగతుల్లో నేను ఎక్కువగా మెచ్చుకునే భాగం ఇది. ఒక జీవో ప్రతిని అందరి చేతికిచ్చి, గీతలు పెట్టుకుంటూ చదివిస్తారు. మొదట ఏ శాఖ ఇచ్చింది, నంబరెంత, తేదీ ఏమిటి. ఎంఎస్ అని ఉందా, ఆర్‌టీ అని ఉందా: మొదటిది సాధారణంగా అందరికీ వర్తించే విధానపరమైన ఉత్తర్వు, రెండోది రోజువారీ వ్యవహారానికి సంబంధించినది. పైన చూపిన పాత ఉత్తర్వులేవి. ఏ తేదీ నుంచి అమలు. ఏ పేరాలో షరతు దాగి ఉంది. ఇది జీవోనా, మెమోనా, అధికారి ఇచ్చిన ప్రొసీడింగ్సా. దేనికి ఎంత బలముంటుంది.

ఉదాహరణ ఎంచుకోవడంలోనే చమత్కారమంతా. శిశు సంరక్షణ సెలవు తీసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో 2016 జూలైలో 60 రోజులుగా వచ్చింది, 2022 మార్చిలో 180 రోజులైంది. తెలంగాణలో 2016 నవంబరులో 90 రోజులుగా వచ్చింది. 2014 దాకా ఒకే రాష్ట్రంగా ఉన్న చోట ఒకే సెలవుకు రెండు లెక్కలు, పైగా ఒక రాష్ట్రంలో కాలాన్ని బట్టి ఇంకో లెక్క. వాట్సాప్‌కు రాష్ట్ర సరిహద్దులు తెలియవు. పక్క రాష్ట్రపు జీవో పట్టుకుని ప్రధానోపాధ్యాయుడితో వాదించి భంగపడే ప్రమాదం నిజంగానే ఉంది. కాబట్టి తరగతిలో ఇచ్చే మొదటి సూత్రం: ఏ రాష్ట్రం, ఏ తేదీ, దీని తర్వాత ఇంకేమైనా వచ్చిందా. ఈ మూడూ చూడకుండా సభ్యుడికి జవాబు చెప్పకూడదు.

ఇంకాస్త కిందికి దిగి, ఆకస్మిక సెలవుల లెక్క చేయిస్తారు. ఏడాదికి 15 సీఎల్‌లు, 7 స్పెషల్ సీఎల్‌లు, మహిళలకు అదనంగా 5. ఈ అయిదూ అడిగితే ముఖం చిట్లించే బడులకు ఏం జవాబు చెప్పాలి? 6, 12, 18, 24 ఏళ్ల దగ్గర వచ్చే ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కేళ్లలో సర్వీసు ఎక్కడి నుంచి లెక్క కట్టాలి, పదోన్నతి వస్తే ఏమవుతుంది? ఇవి పుస్తకంలో ఉన్నవే. తరగతి చేసేది, పుస్తకంలో ఎక్కడ వెతకాలో నేర్పడం. అంతా కంఠస్థం ఉన్న నాయకుడు ఒక్కడుంటే మండలం అతని మీద ఆధారపడుతుంది. వెతకడం తెలిసినవాళ్లు పదిమంది ఉంటే ఆధారపడాల్సిన పనిలేదు. సంఘంలో ప్రజాస్వామ్యం అంటే ఎన్నికలే కావు, సమాచారం ఒక్కరి జేబులో లేకపోవడం కూడా.

పాత ఉత్తర్వులతో ఆగకుండా తాజా చిక్కు ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టడం ఇంకా పై మెట్టు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్) మీద ఇచ్చిన తీర్పు అలాంటిది. విద్యాహక్కు చట్టం రాకముందు నియమితులై, పదవీ విరమణకు అయిదేళ్లకు మించి సర్వీసున్నవాళ్లు రెండేళ్లలో టెట్ పాస్ కావాలని కోర్టు చెప్పింది. అయిదేళ్లలోపు సర్వీసు మిగిలినవాళ్లు పరీక్ష లేకుండా కొనసాగవచ్చు, పదోన్నతి కావాలంటే మాత్రం పాస్ కావాలి. ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్న మనిషికి ఇది ఉద్యోగ భయం. ఆ భయంతో ఫోన్ చేసే సభ్యుడికి మండల బాధ్యుడు ఏం చెప్పాలి? బోర్డు మీద మూడు నిలువు గడులు గీస్తారు: తీర్పులో ఉన్నది, బయట ప్రచారంలో ఉన్నది, ఇంకా తేలాల్సినది. వాట్సాప్‌లో చదివిన ప్రతి వాక్యాన్నీ ఏదో ఒక గడిలో వేయించడమే అభ్యాసం. ధైర్యం చెప్పడం వేరు, అబద్ధం చెప్పడం వేరు. సభ్యుడిని ఊరడించాలన్న ఆత్రంలో రెండోదానికి దిగకుండా ఆపే శిక్షణ ఇది.

ఎంఈవో బల్ల ముందు

రెండో రోజు ఉదయం నాటకం ఉంటుంది. ఒకరు ఎంఈవో, ఒకరు బాధితురాలైన టీచరు, ఒకరు మండల కార్యదర్శి. మిగిలినవాళ్లు చూస్తూ రాసుకుంటారు. ఎంఈవో పాత్రకు మంచి నటుడు కావాలి. ఫోన్లో మాట్లాడుతూ ఎదురుగా ఉన్నవాళ్లను నిలబెట్టేవాడు, రేపు రండి అనేవాడు, మీ సంఘం వాళ్లే నిన్న ఇంకోలా చెప్పారని మెలిక పెట్టేవాడు. కార్యదర్శి పాత్రధారి గొంతు పెంచగానే ఆట ఆపి, చూస్తున్నవాళ్లను అడుగుతారు: ఇప్పటిదాకా ఆ టీచరు ఒక్క మాటయినా మాట్లాడిందా? సాధారణంగా మాట్లాడి ఉండదు. ఆమె సమస్యను ఆమె నోటితో చెప్పించి, దానికి పక్కన నిలబడటమా, ఆమె తరఫున తానే మాట్లాడేయడమా? ఈ ప్రశ్న దగ్గరే తరగతి చాలాసేపు ఆగాలి, ఆగనిస్తారు కూడా.

తర్వాత రాత పని. ఒక పేజీ వినతిపత్రం: ఏం జరిగింది, ఏ ఉత్తర్వు ప్రకారం ఏం రావాలి, ఏం కోరుతున్నాం. విశేషణాలు కొట్టేయిస్తారు. నకలు మీద అందినట్టు సంతకం, తేదీ, ముద్ర తీసుకోవడం ఎందుకో వివరిస్తారు. నోటిమాటగా వెళ్లిన సమస్యకు చరిత్ర ఉండదు. కాగితం ఉంటే జిల్లా శాఖ పై అంచెలో అక్కడి నుంచి ఎత్తుకోగలదు.

నాటకాల్లో కష్టమైనది ఇంకొకటి. తరచూ బడికి రాని ఉపాధ్యాయుడు మెమో అందగానే సంఘాన్ని కాపాడమంటాడు. సభ్యుడే, చందా కట్టినవాడే. కాదంటే వేరే సంఘానికి పోతాడు. కాపాడితే రోజూ వచ్చే సభ్యుల ముందు, బడి యాజమాన్య కమిటీలో కూర్చునే తల్లిదండ్రుల ముందు సంఘం పరువు పోతుంది. దీనికి తరగతి ముగింపు చెప్పదు. విచారణ న్యాయంగా జరిగేలా చూడటం సంఘం బాధ్యత, తప్పును ఒప్పు చేయడం కాదు అన్న గీత ఎక్కడ గీయాలో బృందాలు వాదించుకుంటాయి. ఇలాంటి కేసును కార్యక్రమంలో పెట్టే సంఘానికి తన మీద తనకు నమ్మకముందన్నమాట. 1966 అక్టోబరు 5న యునెస్కో, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి ఆమోదింపజేసిన ఉపాధ్యాయుల హోదాపై సిఫార్సు, ఉపాధ్యాయ సంఘాలను విద్యాభివృద్ధికి తోడ్పడే శక్తిగా గుర్తించాలని, విధాన నిర్ణయాల్లో భాగం చేయాలని చెప్పింది. అక్టోబరు 5ను ప్రపంచ ఉపాధ్యాయ దినంగా జరుపుకోవడం వెనక ఉన్నది ఆ పత్రమే. ఆ గౌరవం నిలబడేది ఇలాంటి చర్చల మీదే.

టెనెసీ కొండల్లో ఒక బడి

నాయకులను తయారుచేసే తరగతి ఎలా ఉండాలన్న విషయంలో ప్రపంచంలో బాగా చర్చకు వచ్చిన చోటు అమెరికాలోని హైలాండర్ ఫోక్ స్కూల్. 1932లో టెనెసీ రాష్ట్రపు కొండ ప్రాంతంలో మైల్స్ హార్టన్, డాన్ వెస్ట్ మొదలుపెట్టారు. మొదట కార్మిక సంఘాల కార్యకర్తలకు, తర్వాత పౌరహక్కుల కార్యకర్తలకు అది శిక్షణ కేంద్రమైంది. 1955 వేసవిలో రోజా పార్క్స్ అక్కడి వర్క్‌షాపుకు వెళ్లారు. అదే ఏడాది డిసెంబరు 1న మాంట్‌గొమెరీ బస్సులో తెల్ల ప్రయాణికుడి కోసం ఆమె సీటు వదలలేదు.

ఆ వర్క్‌షాపులను నడిపిన వారిలో సెప్టిమా క్లార్క్ ఒక ఉపాధ్యాయురాలు. ప్రభుత్వోద్యోగులు నల్లజాతి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీలో సభ్యులుగా ఉండకూడదని దక్షిణ కరొలినా 1956లో చట్టం చేస్తే, సభ్యత్వం దాచడానికి ఆమె ఒప్పుకోలేదు. దాదాపు నలభై ఏళ్ల ఉద్యోగం పోయింది. హైలాండర్‌లో వర్క్‌షాపుల బాధ్యత తీసుకున్నారు. 1957లో జాన్స్ ఐలాండ్‌లో, ఓటు హక్కు కోసం పెద్దవాళ్లకు చదువు నేర్పడానికి మొదలైన పౌరసత్వ పాఠశాలకు తొలి టీచరుగా ఎంచుకున్నది బెర్నిస్ రాబిన్సన్‌ను. ఆమె వృత్తి బ్యూటీ పార్లర్ నడపడం. శిక్షణ పొందిన ఉపాధ్యాయులైతే పెద్దవాళ్ల ముందు పాఠం మొదలెట్టేస్తారని, వినడం తెలిసిన మనిషి కావాలని తెలిసే చేసిన ఎంపిక అది. వచ్చినవాళ్లకు ఏం నేర్చుకోవాలని ఉందో అడిగి ఆమె మొదలుపెట్టారు.

మన మండల తరగతులు హైలాండర్‌ను చూసి పుట్టినవి కావు. వాటి వేళ్లు ఇక్కడి వామపక్ష రాజకీయ పాఠశాలల్లో, గ్రంథాలయోద్యమంలో, వేసవి శిక్షణా శిబిరాల్లో ఉన్నాయి. అయినా రెండు చోట్లా తయారీదారులు ఒకే నిర్ణయానికి వచ్చారు. సమస్య అనుభవించినవాడికే దాని గురించి ఎక్కువ తెలుసు. శిక్షకుడి పని ఆ తెలిసినదాన్ని పదిమంది ముందు పరచడం. చివర అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇంటికెళ్లి ఏం చేస్తారు?

సగం మంది సంగతి

ఏ స్టాఫ్ రూం చూసినా టీచరమ్మలు ఉంటారు, ఏ సంఘ వేదిక చూసినా వరుసగా మాస్టార్లే. దీన్ని ఉపన్యాసంతో సరిచేయలేమని తెలిసిన ప్రణాళిక దీన్ని ఏర్పాట్లతో సరిచేస్తుంది. ప్రతి మండలం నుంచి వచ్చే ప్రతినిధుల్లో ఒకరు తప్పనిసరిగా మహిళ అని ఆహ్వానంలోనే రాస్తుంది. మొదటి రోజు ముగింపు చీకటి పడకముందే. ఉండేవాళ్లకు పక్కనే భద్రమైన బస, చంటిపిల్లలతో వచ్చేవాళ్లకు ఒక గది, చూసుకోవడానికి మనిషి. వీటికన్నా ముఖ్యమైనది పాఠాల పంపకం. మహిళలకు మహిళా సమస్యల సెషన్ ఒక్కటే అప్పజెప్పడం పాత అలవాటు. సర్వీసు నిబంధనల పాఠం, కోశాధికారుల పాఠం వాళ్ల చేత చెప్పించడం పనితనం.

డబ్బు లెక్క కూడా తరగతిలో భాగమే. ప్రతినిధి రుసుం కొంతైనా ఉండాలి. ఉచితమైతే రావాల్సినవాడు తేలిగ్గా మానేస్తాడు. సంచులు, ప్యాడ్లు, పెన్నులు మేమిస్తామంటూ గైడ్ల ప్రచురణకర్తలో, కార్పొరేట్ కాలేజీలో ముందుకొస్తారు. వద్దనడం మర్యాదగా, గట్టిగా జరగాలి. ముగింపు రోజున జమాఖర్చులు చదివి వినిపిస్తే, మండల కోశాధికారులకు అదే పెద్ద పాఠం.

చివరి గంట

ముగింపు సమావేశాన్ని వందన సమర్పణకు వదిలేయడం తేలిక. శ్రద్ధగల ప్రణాళిక చివరి గంటను తాళం వేసి దాచుతుంది. ఆ గంటలో ప్రతి మండల బృందమూ ఒక కాగితం నింపుతుంది: ఏ పని, ఎవరెవరు కలిసి, ఏ తేదీలోగా. పెద్ద మాటలు కుదరవు. సంఘాన్ని బలోపేతం చేస్తాం అని రాస్తే ప్రిన్సిపాల్ తిరిగి ఇచ్చేస్తుంది. ఫలానా మూడు బడులకు వెళ్లి కొత్తగా చేరిన ఉపాధ్యాయుల సర్వీసు రిజిస్టర్లు తెరిచారో లేదో చూస్తాం అని రాస్తే తీసుకుంటుంది. నకలు ఒకటి మండలానికి, ఒకటి జిల్లాకు. నెల తిరిగాక జిల్లా బాధ్యుడు ఆ కాగితం పట్టుకుని మండలానికి వెళ్తాడు. తనిఖీకి కాదు, ఎక్కడ ఆగిందో కలిసి చూడటానికి. ఈ రెండో ప్రయాణం లేని తరగతి రెండు రోజుల భోజనంతో సరి.

ఎంత మంచి పత్రమైనా కొన్ని ఒత్తిళ్ల ముందు వంగుతుంది. రాజ్యాంగం 171వ అధికరణ ప్రకారం శాసనమండలిలో పన్నెండో వంతు సీట్లు ఉపాధ్యాయులు ఎన్నుకునేవి. ఆ ఎన్నికలు దగ్గర పడిన ఏడాది తరగతి ప్రచార సభగా జారిపోవడం తెలిసిన కథే. ఇంకోటి, ఐక్య వేదికలైన ఫ్యాప్టోలోనో, ఉపాధ్యాయ సంఘాల పోరాట కమిటీలోనో కలిసి ధర్నా చేసే సంఘాలు మండలంలో సభ్యత్వం కోసం కొట్లాడుకుంటాయి. పక్క సంఘం సభ్యుడు సమస్యతో వస్తే ఏం చేయాలన్న ప్రశ్నను చాలా తరగతులు తప్పించుకుంటాయి. వామపక్ష సంఘమైనా, మధ్యేమార్గ సంఘమైనా ఇది ఇంకా తేలని పాఠమే.

ఈ లోపాలతో కూడా, తెలుగు రాష్ట్రాల ఉపాధ్యాయ సంఘాల్లో జరుగుతున్న ఈ చిన్న తరగతులు మన సంస్థాగత జీవితంలో అరుదైన పనితనానికి ఆనవాళ్లు. చాలా సంస్థలు నాయకుడిని పెద్దవాడిని చేయడానికి సభ పెడతాయి. ఇక్కడ నాయకుడి కుర్చీని పదిమంది చేతుల మీదుగా నడిపించడానికి రెండు రోజులు కేటాయిస్తున్నారు. ఆ రెండు రోజులు బాగా జరిగాయా లేదా అన్నదానికి అభిప్రాయ సేకరణ పత్రాలు అక్కర్లేదు. మరుసటి ఏడాది అవే తరగతుల్లో జీవో చదివే గంటను ఎవరు నడుపుతున్నారో చూస్తే చాలు. నిరుడు వెనక వరుసలో కూర్చుని రాసుకున్న మనిషి నడుపుతుంటే, నిరుటి పాఠం చెప్పిన నాయకుడు ప్రతినిధుల మధ్య కూర్చుని ప్రశ్న రాసి పంపుతుంటే, ప్రణాళిక వేసినవాళ్లు నెగ్గినట్టు.